ఆ ఫోటో ఎక్కడ నిలబడి తీశావు?

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కొండల ఫోటోలన్నీ తీరిగ్గా చూశాను. కంటికి బాగున్నాయి, స్టేటస్‌లో పెడితే అందరూ మెచ్చుకుంటారు. కానీ నువ్వు అడిగింది అది కాదు కదా, ఎమ్మెస్సీ జియాలజీ ప్రాజెక్ట్ రిపోర్టులో పెట్టుకోవడానికి పనికొస్తాయా పెదనాయనా అని అడిగావు. ఉన్నవి ఉన్నట్టుగా అయితే పనికిరావు. నొచ్చుకోకు. నీ చెయ్యి స్థిరంగా ఉంది, చూపు మంచిది. లోపం ఎక్కడంటే, ఏ ఫోటో చూసినా నువ్వు ఎక్కడ నిలబడ్డావో, ఏ దిక్కుకు చూస్తున్నావో, ఆ బండ మోకాలెత్తుదో మూడంతస్తుల మేడంతదో నాకు అంతుపట్టలేదు. ఈ కొండల కింద పెరిగిన నాకే తెలియకపోతే ఎక్కడో కూర్చుని నీ రిపోర్టు చదివే ఎగ్జామినర్‌కు ఏం తెలుస్తుంది చెప్పు.

సర్వే కోసం తీసే ఫోటోకు నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ముప్పై ఏళ్ల తర్వాత నిన్ను బొత్తిగా ఎరగని మనిషి ఆ ఫోటో చేత పట్టుకుని వచ్చి, నువ్వు నిలబడిన చోటే నిలబడి, ఇదిగో ఇది మారింది, ఇది మారలేదు అని చెప్పగలగాలి. వెలుతురు, లెన్సు, స్కేలు, నోట్‌బుక్ అన్నీ దాని కోసమే.

ముందు కొండెక్కకు. మన తిరుపతి ఊళ్ళోనే మొదలుపెట్టు. యూనివర్సిటీ మైదానంలోనో ఏదైనా మేడ మీదో నిలబడి ఉత్తరం వైపు చూడు. పైన నిటారుగా గోడలా నిలిచిన రాయి, దాంట్లో అడ్డంగా పరిచినట్టు పొరలు, అది నగరి క్వార్ట్జైట్. దాని కింద చెట్లతో కప్పుకుని ఏటవాలుగా దిగుతున్నది గ్రానైట్. ఆ రెండూ కలిసే గీతే మీ సిలబస్‌లో ఉన్న ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ, అంటే రెండు రాళ్ళ నడుమ కాలం తెగిపోయిన చోటు. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. పైనున్న క్వార్ట్జైట్ వయసే సుమారు 160 కోట్ల ఏళ్ళు, ఆ రాయికీ కింది గ్రానైట్‌కూ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల కాలం రాతిలో నమోదు కాకుండా పోయిందని సర్వే వాళ్ళు రాశారు. అంత పెద్ద సంగతి మన ఊరి నెత్తిమీద ఉంటే, నీ ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆ గీత తేటగా కనిపించలేదమ్మా. గుడి గోపురం మాత్రం నాలుగు ఫోటోల్లో ఉంది.

దూరం నుంచి తీసిన ఆ ఫోటోతో మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి రా. ఊళ్ళోంచి కొండ మొత్తం, తర్వాత ఒక గుట్ట భాగం, తర్వాత ఆ గీత ఉన్న గోడ, చివరికి గీత మీద జానెడు చోటు. ప్రతి దగ్గరి ఫోటోలో ఉన్న ఒక పగులో, ఒక మొండి చెట్టో దానికి ముందు తీసిన దూరపు ఫోటోలోనూ కనబడాలి. లేకపోతే ఆ జానెడు రాయి ఎక్కడిదైనా కావచ్చు.

దగ్గరికి వెళ్ళాక తొందరపడకు. గ్రానైట్‌లో పలుకులు పెద్దవి, తెల్లవి గులాబీవి నల్లవి వేర్వేరుగా కంటికి తెలుస్తాయి. క్వార్ట్జైట్‌లో ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి, పగిలిన చోట పటికబెల్లంలా మెరుస్తాయి. రెండూ కలిసే చోట గ్రానైట్ ఎంత చివికిపోయి ఉందో చూడు, దానిపైన గులకరాళ్ళ పొర ఏమైనా ఉందేమో వెతుకు, ఉంటే ఆ రాళ్ళు గుండ్రంగా అరిగాయా, పదునుగా ఉన్నాయా చూడు. ఇదంతా చూసి, నోట్‌బుక్‌లో చేత్తో బొమ్మ గీసుకుని, ఆ తర్వాతే కెమెరా తియ్యి. బొమ్మ వంకరగా వచ్చినా పరవాలేదు. గీసేటప్పుడు ఏ గీత ముఖ్యమో నీకే తెలుస్తుంది, అప్పుడు ఫోటోలో ఏది ఉండాలో, ఏది పక్కకు పోవాలో కూడా తెలుస్తుంది.

పాతకాలం వాళ్ళకు ఇలా ముందే చూసి తేల్చుకోవడం తప్పేది కాదు, ఒక్కో ఫోటోకు అంత శ్రమ. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, అది తడారకముందే ఫోటో తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. అమెరికాలో కొలరాడో నది లోయ సర్వేకు, దాని నాయకుడు పోవెల్‌తో వెళ్ళిన హిల్లర్స్ అనే ఆయన 1871లో పడవ నడపడానికి చేరినవాడు. దారిలోనే ఫోటోలు తీయడం నేర్చుకుని 1872 నాటికి ఆ బృందానికి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. అదే 1872లో ఇక్కడ జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ మన కడప, కర్నూలు రాళ్ళ మీద సర్వే గ్రంథం అచ్చువేయించాడు. దాన్ని లైబ్రరీలో అడిగి తీసి చూడు. పొరల వరుస, పాపాఘ్ని, చెయ్యేరు అంటూ ఆయన పెట్టిన పేర్లు నీకు ఈ రోజుకీ పనికొస్తాయి.

ఇక స్కేలు. ఇది లేని ఫోటో నాకు పంపొద్దు. దగ్గరి ఫోటోకు సెంటీమీటర్లు గీసిన స్కేలు పెట్టు, రూపాయి బిళ్ళ వద్దు, ఎందుకంటే బిళ్ళల సైజులు మారుతూ పోతాయి. బండకు హ్యామర్, పెద్ద గోడకు మనిషి. ఆ మనిషి రాతికి ఆనుకుని నిలబడాలి, కెమెరా వైపు నాలుగడుగులు ముందుకొస్తే కొండ చిన్నదైపోతుంది. స్కేలును ముఖ్యమైన గీత మీద పెట్టి దాన్ని కప్పేయకు, పక్కన పెట్టు, రాతి ముఖం ఎటు వాలితే అటే ఆనించి పెట్టు. 1873లో టిమొథీ ఓసలివన్ అనే సర్వే ఫోటోగ్రాఫర్ న్యూమెక్సికోలో బండ మీది పాత శాసనాన్ని తీస్తూ దాని కిందే కొలబద్ద ఆనించాడు. అక్షరాలు ఎంత పెద్దవో ఇప్పటికీ ఆ ఫోటోలోంచే కొలవచ్చు.

కెమెరా మట్టంగా ఉండాలన్నదానికి కూడా ఆయన ఫోటోయే నీకు చెబుతాను. 1869లో ఆయన యూటాలో వీబర్ లోయ దగ్గర కొన్ని రాతి స్తంభాలను తీశాడు, చూస్తే ఆ రాళ్ళు విచిత్రంగా ఒరిగి ఉంటాయి. 1978లో కొందరు ఫోటోగ్రాఫర్లు వెతుక్కుంటూ వెళ్ళి సరిగ్గా అదే చోట నిలబడి చూస్తే, ఒరిగింది రాళ్ళు కాదు, కెమెరా! చిత్రానికి అది అందమేమో కానీ ఆ ఫోటో చూసి పొరల వాలు లెక్కగట్టినవాడు మునిగిపోతాడు. నీ ఫోన్‌లో గ్రిడ్, లెవెల్ రెండూ ఆన్ చేసుకో. కింద నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే గోడలు లోపలికి వంగినట్టు వస్తాయి, వైడ్ లెన్సుతో అంచుల్లో పొరలు సాగిపోతాయి, పనోరమా మోడ్‌లో నేరుగా ఉన్న పొర విల్లులా వంగుతుంది. కుదిరితే వెనక్కి జరిగి జూమ్ లెన్సుతో తియ్యి. వెడల్పు కావాలంటే ఒక్కో ఫోటోలో మూడో వంతు పక్క ఫోటోతో కలిసేలా విడివిడిగా తీసి తర్వాత కలుపుకో.

వాలు విషయం ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పొర ఎంత వాలిందో ఫోటోలో నిజంగా కనబడాలంటే నువ్వు స్ట్రైక్ దిశలో, అంటే పొర మీద వాలు లేకుండా మట్టంగా సాగే గీత వెంబడి చూస్తూ నిలబడాలి. వేరే కోణంలోంచి చూస్తే వాలు తగ్గి కనిపిస్తుంది, డిప్ దిశకు, అంటే పొర దిగువకు వాలే దిక్కుకు ఎదురుగా నిలబడి చూస్తే పొరలు అసలు వాలనట్టే ఉంటాయి. కాబట్టి ముందు బ్రంటన్ దిక్సూచితో స్ట్రైక్, డిప్ చదువు, రాసుకో, ఆ తర్వాత నిలబడే చోటు వెతుక్కో.

వెలుతురు సంగతి మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాలి. తిరుపతికి ఎదురుగా ఉన్న కొండ గోడ దక్షిణ ముఖం. మన అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా, అంటే కొండకు వెనక పక్కకు పోతాడు, గోడ తన నీడలోనే ఉంటుంది. నువ్వు మేలో తీసిన ఫోటోలు బూడిద రంగులో చప్పగా రావడానికి కారణం నీ ఫోన్ కాదు, ఇదే. డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలప్పుడు తూర్పు వైపు నుంచి ఏటవాలుగా వచ్చే ఎండలో ప్రతి పొర కింద సన్నటి నీడ గీత పడుతుంది. పైగా వానలు వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము ఉండదు, ఊళ్ళోంచే పగుళ్ళు లెక్కపెట్టవచ్చు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నీకు అదనుగా ఉండే కాలం, దాన్ని పరీక్షల పేరు చెప్పి పోగొట్టుకోకు. బండ మీద అలల గుర్తుల్లాంటివి తీయాలంటే ఇంకా వాలు వెలుతురు కావాలి. మధ్యాహ్నమే తీయాల్సి వస్తే గొడుగుతో నీడ పట్టించి, ఒక పక్క నుంచి రాతికి దాదాపు ఆనించినట్టు టార్చ్ వేయించు. తేడా నువ్వే చూస్తావు.

గండికోట వెళ్తున్నామన్నావు కదా, అక్కడ చిక్కు వేరు. పెన్నా ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన లోయ అది, ఒక గోడ ఎండలో మండుతుంటే ఎదుటి గోడ చీకట్లో ఉంటుంది, ఏ ఫోనూ రెండింటినీ సరిగ్గా పట్టలేదు. సూర్యుడు రాకముందు వెలుగు పరుచుకునే ఆ కాసేపు, లేదా పల్చటి మబ్బు పట్టినప్పుడు లోయ మొత్తం తియ్యి. ఎండ వచ్చాక ఒక్కో గోడనే తీసుకో. అందరూ నిలబడే ఆ ఒక్క చోటే నిలబడి అదే ఫోటో తెస్తే నాకు వద్దు. అంచు వెంబడి నడుస్తూ, ప్రతి కొన్ని అడుగులకు ఆగి ఎదుటి గోడను సూటిగా, ఒక ఫోటోకు ఇంకో ఫోటో కనీసం సగానికి పైగా కలిసేలా తీస్తూ పో. ఆ వరుసతో కంప్యూటర్‌లో గోడ నమూనా కూడా కట్టవచ్చు. కానీ కెమెరాలో చూస్తూ అడుగు వేయకు. ఆగు, తియ్యి, కెమెరా దించు, అప్పుడు నడువు. ఈ మాట మాత్రం నువ్వు నాకు ప్రమాణం చేయాలి.

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి డేలైట్‌లో పెట్టు, లేకపోతే ఒకే బండ ఒక ఫోటోలో ఎర్రగా, ఇంకోదాంట్లో పచ్చగా వస్తుంది. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్‌లు ముట్టుకోకు. వీలైతే రా ఫైల్ (ఫోన్ ఏ మార్పూ చేయని ఫోటో) తియ్యి. తడి రాతి మీద మెరుపు కొడుతుంటే ఆ మెరుపును తగ్గించే పోలరైజర్ అద్దం వాడు. తిరుమలలో శిలాతోరణం దగ్గర రాతి కమాను వెనక ఆకాశం తెల్లగా ఉంటుంది కాబట్టి వెలుతురును రాతికి కొలిచి పెట్టు, ఆకాశం తెల్లబోతే పోనీ. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న కమాను అది, దాని మీద మనిషిని నిలబెట్టి స్కేలు చూపించాలని కలలో కూడా అనుకోకు, కంచె బయటి నుంచే తియ్యి, కొలత రాతలో ఇవ్వు.

అనుమతుల దగ్గర అశ్రద్ధ చేయొద్దు. శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగల బెడద వల్ల సంచీ, సుత్తి పట్టుకుని తిరిగే ఎవరినైనా ఆపి అడుగుతారు, అడగాలి కూడా. మీ హెచ్‌ఓడీ సంతకంతో అటవీ శాఖకు, ఘాట్ రోడ్డు మీద ఆగి తీయాలంటే టీటీడీకి ముందే అర్జీ పెట్టించు. తిరుమలలో డ్రోన్ ఎగరేయకూడదు, ఎవరైనా ఫ్రెండ్ తెస్తానన్నా వద్దను. స్మారకంగా గుర్తించిన రాతి మీద హ్యామర్ దెబ్బ పడకూడదు. చిరుతలు తిరిగే దారులు కాబట్టి పొద్దు గూకకముందే దిగిరా, ఒంటరిగా అసలు వెళ్ళకు.

వానలప్పుడు గోడ కిందికి కూడా పోకు. 2021 డిసెంబరులో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి, నీకు గుర్తుండే ఉంటుంది. క్వార్ట్జైట్‌లో నిలువు పగుళ్ళు ఉంటాయి, నీళ్ళు దిగి దిగి ఒకనాటికి ఆ ముక్క విడిపోతుంది. ఇప్పుడు నువ్వు ఒక పగులును ఎక్కడ నిలబడ్డావో రాసి, స్కేలు పెట్టి, మట్టంగా తీసి ఉంచావనుకో, రేపు ఇంకో పిల్లో పిల్లాడో అదే చోట నిలబడి తీస్తే అది ఎంత తెరుచుకుందో తెలుస్తుంది, కింద నడిచే భక్తులను ముందే తప్పించవచ్చు. నీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి టాపిక్ నాకు తోచడం లేదు, మీ గైడ్‌తో మాట్లాడి చూడు.

నోట్‌బుక్‌లో ప్రతి ఫోటోకూ ఒక లైను రాయి: నంబరు, తేదీ, టైము, జీపీఎస్, కెమెరా చూసే దిక్కు డిగ్రీల్లో, స్కేలు ఏది, ఏం చూపించడానికి తీశావు. అక్కడే రాయి, హాస్టల్‌కు వచ్చాక రాద్దామంటే సగం మరిచిపోతావు. ఫోన్ జీపీఎస్ లోయల్లో తప్పు చూపిస్తుంది కాబట్టి టోపోషీట్ (సర్వే పటం) మీద కూడా చుక్క పెట్టుకో.

సంక్రాంతికి వస్తావు కదా, వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్, ఒరిజినల్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో పట్టుకురా. వాట్సాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోయి వివరాలన్నీ పోతాయి. పండగ మర్నాడు పొద్దున్నే మేడ మీద కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం.

మీ పెదనాయన