గని షేరు డివిడెండ్ చూసి ముచ్చటపడే ముందు

చిరంజీవి అమ్మలుకు,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఆ గనుల కంపెనీ పేరు పక్కన డివిడెండ్ యీల్డ్ రెండంకెల్లో కనబడేసరికి నీకు ఆశ పుట్టింది. "బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువే వస్తోందిగా బాబాయ్, ఎఫ్‌డీ తీసేసి ఇందులో పెడితే తప్పేంటి?" అన్నావు. పెట్టొచ్చు. కానీ ఆ అంకె నీకు రాబోయే డబ్బు కాదు. నిరుడు ఒక్కో షేరుకి డివిడెండ్‌గా, అంటే లాభంలో వాటాగా, వేరేవాళ్లకి ఇచ్చేసిన డబ్బుని ఇవాళ్టి షేరు ధరతో భాగిస్తే తేలిన శాతం. చాలా వ్యాపారాల్లో నిరుటికీ వచ్చే ఏటికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఆ లెక్క ఎలాగోలా నడుస్తుంది. గనుల దగ్గర నడవదు.

సబ్బులమ్మే కంపెనీ తన ధర తనే పెట్టుకుంటుంది. గని కంపెనీకి ఆ వీలు లేదు. ఇనుప ఖనిజమైనా, రాగైనా, జింకైనా ధర తేల్చేది ప్రపంచ మార్కెట్. తవ్వే ఖర్చు మాత్రం అంత తేలిగ్గా దిగిరాదు. టన్ను వంద డాలర్లకి అమ్ముడైంది, ఖర్చు అరవై అయింది అనుకో, మిగిలేది నలభై. ధర ఎనభైకి దిగితే మిగిలేది ఇరవయ్యే. ధర అయిదో వంతు పడితే లాభం సగం పోయింది. డివిడెండ్ ఆ మిగిలినదాంట్లోంచే రావాలి. ఇనుప ఖనిజం 2015 డిసెంబర్‌లో టన్ను 40 డాలర్ల కిందికి పోయింది. 2021 మే నెలలో 230 దాటింది. అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ 100 లోపుకి జారింది. ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు ఏటా ఒకే డివిడెండ్ ఇవ్వాలంటే ఎలా కుదురుతుంది?

అందుకే ఒక్క ఏడాది అంకె చూడకు, కనీసం పదేళ్ల వరస చూడు. రియో టింటో అనే పెద్ద గనుల కంపెనీ సంగతి తీసుకో. షేరుకి ప్రకటించిన డివిడెండ్, స్పెషల్‌తో (మామూలుకి అదనంగా ఎప్పుడో ఓసారి ఇచ్చేదానితో) కలిపి, డాలర్లలో చెప్తున్నాను. 2015లో 2.15, తర్వాత వరసగా 1.70, 2.90, 5.50, 4.43, 5.57, 2021లో ఏకంగా 10.40, ఆపైన 4.92, 4.35, 2024లో 4.02. పది డాలర్ల ఏడాది చూసి మురిసిపోయి కొన్నవాళ్లకి మరుసటి ఏడాది అందులో సగం కూడా రాలేదు. కంపెనీ ఏ తప్పూ చేయలేదు, ఖనిజం ధర దిగింది, అంతే.

నేను చేసే పని చెప్తాను, నువ్వూ చెయ్యి. ఆ పది అంకెల్లో అన్నిటికంటే పెద్దదీ అన్నిటికంటే చిన్నదీ కొట్టేయి. మిగిలిన ఎనిమిదింటి సగటు తీయి. రియోకి అది 4.23 డాలర్లు వస్తుంది. దాన్ని ఇవాళ్టి షేరు ధరతో భాగించు. ఆ వచ్చిన శాతం నీకు ఆమోదమైతేనే ముందుకెళ్లు. పాతకాలపు పద్ధతే, ఏ యాప్‌లోనూ కనబడదు, కానీ మనసు కుదుటపడుతుంది. ఆ వరసలోంచి స్పెషల్ డివిడెండ్లు తీసేసి ఇంకోసారి లెక్క కడితే ఇంకా మంచిది. 2018 తాలూకు 5.50లో 2.43 స్పెషలే, ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు. అమ్మేసిన ఆస్తిని మళ్లీ అమ్మలేరు కదా.

తర్వాత చూడాల్సింది, ఇచ్చిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని. ఇక్కడ కాస్త నిదానించు, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. హిందుస్తాన్ జింక్ 2022–23లో షేరుకి మొత్తం 75.50 రూపాయలు ఇచ్చింది. ఆ మార్చిలో షేరు ధర 300 చుట్టుపక్కల ఉండేది, అంటే కాగితం మీద యీల్డ్ దాదాపు 25 శాతం. ఆ ఏడాది నికర లాభం సుమారు 10,500 కోట్లు, పంచింది 31,900 కోట్లు. లాభానికి మూడింతలు! ఏళ్ల తరబడి కూడబెట్టిన నిల్వలున్నాయి కాబట్టి ఇవ్వగలిగింది. మరుసటి ఏడాది ఇచ్చింది 13 రూపాయలు. సంపాదన కంటే ఎక్కువ పంచే ఇల్లు ఎన్నాళ్లు అలా పంచగలదో నువ్వే ఆలోచించు. కాబట్టి డివిడెండ్ పక్కన లాభం రాయి, దాని పక్కన అప్పు ఏటేటా పెరుగుతోందా తగ్గుతోందా రాయి. పెద్ద వాటాదారు ఎవరు, వాళ్లకి డబ్బు అవసరం ఎంత అన్నది కూడా ఓ కంట కనిపెట్టు.

మధ్యలో ఓ చిన్న మాట. "1300 శాతం డివిడెండ్" అని వార్త వస్తే కంగారు పడకు. ఆ శాతం షేరు ముఖ విలువ మీద, అంటే కాగితం మీద రాసుకున్న అసలు విలువ మీద, మార్కెట్ ధర మీద కాదు. రెండు రూపాయల ముఖ విలువ మీద 1300 శాతమంటే 26 రూపాయలు.

కంపెనీ ఇచ్చిన మాట మీద కూడా మరీ భరోసా పెట్టుకోకు. బీహెచ్‌పీ అనే గనుల కంపెనీ డివిడెండ్ ఎప్పుడూ తగ్గించకుండా పెంచుకుంటూ పోతామని ఏళ్లపాటు నడిపింది. 2016 ఫిబ్రవరిలో ఆ విధానమే ఎత్తేసి, 62 సెంట్ల మధ్యంతర (ఏడాది మధ్యలో ఇచ్చే) డివిడెండ్‌ని 16కి కోసేసింది. ఇకమీదట లాభంలో కనీసం సగం పంచుతామంది. నాకు ఈ రెండో మాటే నచ్చుతుంది, ఇందులో దాపరికం లేదు. ఆంగ్లో అమెరికన్ అనే మరో గనుల కంపెనీ 2015 చివర్లో డివిడెండ్ పూర్తిగా ఆపేసి 2017లో గానీ మొదలుపెట్టలేదు. బ్రెజిల్ గనుల కంపెనీ వాలే సంగతి వేరు. 2019 జనవరిలో బ్రుమాజిన్యోలో గని వ్యర్థాల ఆనకట్ట తెగి 270 మంది పోయారు, కంపెనీ డివిడెండ్ నిలిపేసింది. అంత ఘోరం పక్కన డివిడెండ్ గురించి మాట్లాడటమే చిన్నతనం, కానీ ఇలాంటి ప్రమాదాన్ని ఏ యీల్డ్ లెక్కా ముందుగా చూపించదని నీకు తెలియాలి.

ఇంకోటి, గని పొలం లాంటిది కాదు. తవ్వి అమ్మేసిన ఖనిజం మళ్లీ పండదు. అందువల్ల నీ చేతికొచ్చే డివిడెండ్‌లో కొంత నీ అసలు సొమ్మే తిరిగొస్తోందనుకోవాలి. వార్షిక నివేదికలో నిల్వలు ఎన్నేళ్లకి సరిపోతాయో, కొత్త గనుల మీద ఏమాత్రం ఖర్చు పెడుతున్నారో ఉంటుంది. గని ఆయుష్షు ఎనిమిదేళ్లే ఉండి యీల్డ్ పది శాతం ఉంటే, సంబరపడటానికి అందులో ఏముంది?

నేనూ ఓసారి దెబ్బ తిన్నవాణ్ణే. కంపెనీ పేరు ఎందుకులే. ధరలు మంచి ఊపులో ఉన్నప్పుడు యీల్డ్ చూసి కొన్నాను, అదీ ఎక్స్ డేట్‌కి (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాదు) ముందురోజు, ఏదో తెలివిగా చేశాననుకుని. మర్నాడు డివిడెండ్ ఎంతో షేరు ధర అంత తగ్గింది. వచ్చిన డివిడెండ్ మీద పన్ను కట్టాను. రెండేళ్లకి డివిడెండ్ ఆగింది, షేరు సగమైంది, టెన్షన్ తట్టుకోలేక అడుగున అమ్మేశాను. కోపంగా అమ్మిన ఆ రోజే కొనాల్సిన రోజని తర్వాత తెలిసింది. గనుల షేర్లలో డివిడెండ్ కోతపడి అందరూ తిట్టుకుంటున్నప్పుడు, అప్పు తక్కువుండి తవ్వకం ఖర్చు చవకగా ఉన్న కంపెనీని కొన్నవాళ్లే ఎక్కువసార్లు బాగుపడ్డారు. యీల్డ్ అద్భుతంగా మెరిసేది మాత్రం సరుకు ధర శిఖరం దాటుతున్నప్పుడు.

ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకు. పాప ఫీజులకి అట్టేపెట్టిన డబ్బది. అయిదేళ్లు తాకనక్కర్లేని సొమ్ము విడిగా ఉంటే, అందులో కొంత, అదీ ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతల్లో పెట్టు. ముందు ఆ కంపెనీ పదేళ్ల డివిడెండ్, లాభం, అప్పు మూడు వరసలుగా కాగితం మీద చేత్తో రాసి ఫొటో పంపు. ఆదివారం ఫోన్లో కూర్చుని ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
మీ బాబాయి