ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు

బరువు తగ్గే ఇంజెక్షన్లకు క్లినిక్ వాళ్లు మూడు నెలల డబ్బు ముందే కట్టమంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు కదండీ. ఇప్పుడే కట్టకండి. మందు రాసే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైట్‌లో సరిచూడండి. డైటీషియన్ ఈ మందు రాయకూడదు.

ఆ క్లినిక్‌ను నమ్మొచ్చో లేదో తేలేది మొదటి డోసు దగ్గరే. ఇచ్చేది టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే మందు అయితే వారానికి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 4 వారాలయ్యాకే 5కి పెంచాలి. తొందరగా తగ్గిస్తామని మొదట్లోనే ఎక్కువ ఇస్తే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్లలో ఒక రకం) వచ్చిందా, మీకెప్పుడైనా పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) వచ్చిందా అని అడగకుండానే సూది తీశారంటే లేచి వచ్చేయండి. షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) పరీక్షలు ముందే చేయించాలి. ముందే నింపిపెట్టిన, లేబుల్ లేని సిరంజి మాత్రం అస్సలు వద్దు. బ్యాచ్ నంబరున్న ఇంజెక్షన్ పెన్ను లేదా వయల్ (చిన్న మందు సీసా) సీలు మీ ఎదుటే తీయాలి.