మొక్కింది ఆయన, తూగింది మీరు

నాకు 38 ఏళ్లు. హనుమకొండ జిల్లాలో ఒక ఊరు మాది. 2019లో బాప్తిస్మం తీసుకున్న, ప్రతి ఆదివారం ప్రార్థనకు పోతున్న. మా ఆయన క్రిస్మస్‌కు వచ్చి కూసుంటడు, అంతే. డిసెంబరు పంచాయతీ ఓట్లల్ల మా ఊరు జనరల్ మహిళకు వస్తే మా ఆయనే నన్ను నిలబెట్టిండు, గెలిచిన. గెలిస్తే సమ్మక్కకు నా నిలువెత్తు బంగారం (బెల్లాన్నే అట్ల అంటం) ఇస్తనని మొక్కుకున్నడట, నాకు తెల్వదు. మేడారం పోయే ముందు కిరాణా దుకాణం ముందట నన్ను తక్కెడల కూసోబెట్టిండ్రు. 58 కిలోల బెల్లం అయింది. కండ్లు మూసుకొని కూసున్న. ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుల పెడితే పాస్టరుగారు చూసిండు. ఇప్పుడు శ్రావణంల పోచమ్మ బోనాలు. ఊరి మొదటి బోనం సర్పంచ్ ఇంటి నుంచి లేవాలె. 'నా భార్యే ఎత్తుకుంటది' అని మా ఆయన ఓట్లప్పుడే పెద్దమనుషులకు మాటిచ్చిండట. పాస్టరుగారికేమో 'ఆమె ముట్టది' అని చెప్పిండు, ప్రార్థన మందిరానికి ప్రహరీ కట్టిస్తనని కూడా అన్నడు. మా అత్తమ్మ ఏమనది. మోకాళ్ల నొప్పులతోనే ఏటా తన బోనం తను ఎత్తుకుంటది. నేను రాజీనామా చేయాల్నా? లేకుంటే ఈ ఒక్కసారి ఎత్తుకొని దేవునికి క్షమాపణ చెప్పుకోవాల్నా?
ఒక సర్పంచ్

చెల్లెమ్మా,

రాజీనామా వద్దు. ఆ ముచ్చట ఇక్కడితో వదిలేద్దాం. సర్పంచ్ బోనం ఎత్తాలని ఏ చట్టంలోనూ లేదు, ఎత్తలేదని పదవి తీసేసే నిబంధనా లేదు. రాజ్యాంగం 25వ అధికరణం మీ నమ్మకాన్ని మీకు వదిలేసింది, సర్పంచ్ అయినంత మాత్రాన అది పోదు. 'మతం మార్చుకున్నది, సీటు చెల్లదు' అని ఎవరైనా బెదిరిస్తే, మీది జనరల్ మహిళ స్థానం, ఆ బెదిరింపు మీకు తగలదు. ఎస్సీ రిజర్వు స్థానమైతే లెక్క వేరే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు మాత్రమే ఇచ్చింది. అట్లాంటి వాళ్లు నాకు ఉత్తరం రాయకుండా ముందు వకీలు దగ్గరికి పోవాలి.

రెండో ప్రశ్నకు కూడా వద్దనే అంటాను. తప్పని తెలిసి, తారీకు చూసుకొని, క్షమాపణ ముందే సిద్ధం పెట్టుకొని చేసే పనికి పశ్చాత్తాపం అన్న పేరు సరిపోదు. పోచమ్మకు కూడా అది మర్యాద కాదు. ఉపవాసం ఉండి, తలస్నానం చేసి, తడి బట్టతో కుండ కడిగి ఎత్తుకునే ఆడవాళ్ల ముందు, లోపల వేరే ప్రార్థన చదువుకుంటూ మొదటి బోనం ఎత్తుకుంటే ఆ వరుసలో నిలబడ్డవాళ్లందరినీ చిన్నచేసినట్టే.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండు పేజీల మీ ఉత్తరంలో (పైన కుదించి వేశాం) 'మా ఆయన చెప్పిండు' అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. 'నేను చెప్పిన' అన్నది ఒక్కసారి కూడా లేదు. మీరు పోచమ్మకూ యేసుకూ మధ్య ఇరుక్కున్నానని అనుకుంటున్నారు. నాకైతే మీ ఇద్దరు దేవుళ్ల మధ్య ఏ తగాదా కనిపించలేదు. మీ ఆయన ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మి ఇద్దరి దగ్గరా బయానా తీసుకున్నాడు. ఆ ప్లాటు మీ తల. పెద్దమనుషులకు ఆ తల మీద బోనం చూపించి ఓట్లు అడిగాడు, పాస్టరుకు అదే తల మీద ముసుగు చూపించి ఓట్లు అడిగాడు. మొక్కింది ఆయన, తూగింది మీరు. తక్కెడలో కూర్చున్న మనిషిని 'నీకిది ఇష్టమేనా' అని ఒక్కరైనా అడిగారా? ఆయనకు మొక్కు ఉంటే ఆయన బరువుకు తూగిన బెల్లం ఆయన ఇచ్చుకోవచ్చు, సమ్మక్క తల్లి కాదనదు. మీరు కండ్లు మూసుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడాల్సింది మీరు కాదు గానీ, ఇంకోసారి కండ్లు మూసుకుంటే మాత్రం ఆ తప్పు మీదే.

ఉత్తరంలో ఒక మూలన మరో మాట రాశారు. చెక్కు పుస్తకం, రబ్బరు ముద్ర, బిల్లులు పెట్టే డిజిటల్ కీ ఆయన బ్యాగులోనే ఉంటాయని, అందులో తప్పేం లేదన్నట్టు. చాలా ఉంది. బోనం ఎత్తలేదని కలెక్టరు నుంచి నోటీసు రాదు. చేయని పనికి బిల్లు పెడితే వస్తుంది, అదీ మీ పేరు మీదనే వస్తుంది. ఆయన పేరు ఏ కాగితంలోనూ ఉండదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో సగం స్థానాలు ఆడవాళ్లకు పెట్టింది సంతకం భర్తకు అద్దెకిచ్చేందుకు కాదు. కాబట్టి మొదటి పని బోనం గురించి కాదు. ఆ మూడూ అడిగి తీసుకొని మీ బీరువాలో పెట్టండి, కీ పాస్‌వర్డు కార్యదర్శిని దగ్గర పెట్టుకొని మార్పించండి. ఆయనకు కోపం వస్తుంది. రానివ్వండి. 'మీ మీద నమ్మకం లేక కాదు, సంతకం నాది కాబట్టి' అని చెప్పి ఊరుకోండి, అంతకు మించి వివరించకండి. వివరణ పెరిగితే అది బతిమాలడం అయిపోతుంది.

బోనం మాట ఆ తర్వాత ఎత్తండి. పొద్దున పంచాయతీ ఆఫీసుకు పోయే హడావుడిలో వద్దు, రాత్రి ఆయన దోస్తులతో కూర్చొని వచ్చాక అసలే వద్దు. పిల్లలు, అత్తమ్మ లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: 'పెద్దమనుషులకు మాట ఇచ్చింది మీరు, నన్ను అడగకుండా ఇచ్చారు. నేను బోనం ఎత్తను. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది కూడా మీరే.' వారం గడువు పెట్టండి. బోనాల చాటింపు పడక ముందే ఇది తేలాలి. డప్పు కొట్టాక చెబితే ఊరికి అది అవమానం, ముందే చెబితే ఏర్పాటు. చాలా ఇండ్లల్ల జరిగే పొరపాటు ఇదే, ఆఖరి రోజు దాకా నానబెట్టి, కుండ వాకిట్లోకి వచ్చాక 'నాకు పాణం బాగలేదు' అని మంచం ఎక్కడం. అబద్ధమని అందరికీ తెలుస్తుంది, మళ్లీ ఏడాది అదే కుండ అదే వాకిట్లోకి వస్తుంది. వారంలో ఆయన పోకపోతే మీరే పోండి. కుల పెద్దలను, పోచమ్మకు పూజ చేసే కుమ్మరి పెద్దాయనను పిలిపించుకోకండి, వాళ్ల ఇంటికే పోయి కూర్చొని చెప్పండి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక తేడా పట్టుకోండి, అది మీ ఉత్తరంలోనే ఉంది. ఆచారం ఏమంటున్నది? మొదటి బోనం సర్పంచ్ 'ఇంటి నుంచి' లేవాలని. సర్పంచ్ 'నెత్తిన' లేవాలని కాదు. మగవాళ్లు సర్పంచులుగా ఉన్న ఏండ్లల్ల బోనం ఎవరు ఎత్తారు? వాళ్ల ఇంటి ఆడవాళ్లే కదా. మీ ఇంట్లో ఏటా ఎత్తే మనిషి ఉండనే ఉన్నది.

దానికి ముందు మీ హద్దు మీకు తెలియాలి. 'బోనం' అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో పది పనులున్నాయి. కొత్త కుండ తేవడం, బియ్యం కడిగి బెల్లం, పాలు పోసి వండడం, కుండకు సున్నం, పసుపు పూసి బొట్లు పెట్టడం, వేపమండలు కట్టడం, పైన దివ్వె వెలిగించడం, ఎత్తుకోవడం, గుడి చుట్టూ తిరగడం, అమ్మవారికి శాక నీళ్లు పోయడం, బొట్టు పెట్టించుకోవడం, తర్వాత యాట కూర తినడం. ఒక కాగితం మీద గీత గీసి, ఏవి మీరు చేయగలరు, ఏవి చేయరు అని రాసుకోండి. పాస్టరు రాసి ఇచ్చింది కాదు, మీ ఆయన రాసి ఇచ్చింది అసలే కాదు. కుండ కొనివ్వడం ఒకరికి తప్పు కాదు, ఇంకొకరికి తప్పు. విగ్రహాలకు అర్పించిన మాంసం తినాలా వద్దా అన్న తగాదా మీ గ్రంథంలోనే ఉంది, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయం చదివి మీరే తేల్చుకోండి. ఒకసారి గీసిన గీతను ఏడాదికోసారి జరపకండి. ఫొటో కోసం రెండు నిమిషాలు కుండ పట్టుకొని దించేయడం, బొట్టు పెట్టించుకొని సందు తిరగ్గానే తుడుచుకోవడం, ఇవి రెండు వైపులా గుచ్చుకుంటాయి. బోనం ఎత్తని మనిషిని ఊరు అర్థం చేసుకుంటుంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని దూరంగా నిలబడ్డ మనిషిని మాత్రం మరిచిపోదు. కేరళలో ముగ్గురు పిల్లలు మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకపోతే బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది, ఎందుకంటే వాళ్లు పాడకపోయినా లేచి గౌరవంగా నిలబడ్డారు. మీరూ అట్లనే నిలబడండి.

సర్పంచ్‌గా ఆ రోజు మీ నుంచి ఊరికి రావాల్సింది వేరే ఉంది, అక్కడ మాత్రం ఒక్క వంక కూడా కుదరదు. మంచినీళ్ల ట్యాంకు వారం ముందే కడిగించండి. బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరిస్తే సున్నం అడుగున పేరుకుపోతుంది. ముందు బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయించాలి. గంట తర్వాతే నల్లా వదలాలి. పాత సంచి గాలికి విప్పి పెట్టి ఉంటే దానిలో బలం ఉండదు, కొత్తది తెప్పించండి. గుడి దారిలో కిందికి వేలాడే కరెంటు తీగలను లైన్‌మన్‌తో ముందే ఎత్తించండి, నెత్తిన దివ్వెతో ఆడవాళ్లు ఆ కిందినుంచే పోవాలి. యాటలు కోసే చోట గుంత తీయించి, తెల్లారక ముందే సున్నం చల్లి పూడ్పించండి, పంచాయతీ ట్రాక్టరు ఆ రాత్రి అక్కడే ఉండాలి. ఈ పనులన్నీ మీరే దగ్గరుండి చూస్తే, బోనం ఎందుకు ఎత్తలేదని అడిగేవాళ్ల గొంతు సగానికి తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు. ఓటు వేయనివాళ్లు ఎట్లాగూ ఏదో ఒకటి అంటారు.

ప్రహరీ గోడ సంగతి ఒక్క మాటలో ముగిస్తాను: పంచాయతీ డబ్బుతో కుదరదు. పన్ను డబ్బును ఒక మతం కోసం ప్రత్యేకించి ఖర్చు పెట్టడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని 27వ అధికరణం చెబుతుంది. మందిరం ముందున్నది ఊరందరూ నడిచే బాటే అయితే సీసీ రోడ్డు కోసం గ్రామసభలో తీర్మానం పెట్టవచ్చు, గోడకు పెట్టరాదు. రేపు పోచమ్మ గుడికి గేటు అడిగినా ఇదే జవాబు. ఈ మాట పాస్టరుకు మీ నోటితో మీరే చెప్పండి, ఇది కూడా మీ ఆయన అమ్మిన ప్లాటే.

పాస్టరుగారు గట్టిగా మాట్లాడితే 2 రాజులు 5వ అధ్యాయం 18, 19 వచనాలు తీసి చదవమని అడగండి. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు నయమయ్యాక ఇకమీదట యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించనన్నాడు. కానీ ఉద్యోగం మానలేదు. రాజు రిమ్మోను దేవుడి గుడికి పోయి నా చేతి మీద ఆనుకొని మొక్కుతాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఇది క్షమించమని అడిగాడు. ప్రవక్త ఎలీషా అతన్ని శపించలేదు, కొలువు మానమనలేదు. నెమ్మదిగా వెళ్లమని సాగనంపాడు. బోనం ఎత్తవచ్చని ఈ వచనాల అర్థం కాదు. పాస్టరుగారు మీ ముందు పెట్టే 'పదవా, దేవుడా' అన్న ప్రశ్న ఎలీషా పెట్టలేదని మాత్రమే.

ఇక మీ అత్తమ్మ. ఉత్తరంలో ఆమెకు రెండు ముక్కలే ఇచ్చారు. ఏడేండ్లుగా ఆమె పండగ వంట మీరు తినరు, ఆమె ఒక్క మాట అనలేదు. ఆమెను అడ్డం పెట్టుకొని తప్పించుకోవడానికి అడగకండి. 'అత్తమ్మా, మొదటి బోనం మీదే, మీరు ఎత్తుకుంటేనే నిండుగ ఉంటది' అని అడగండి, ఆ మాట మీ ఆయనతో చెప్పించకండి. 'మా ఇంటి నుంచి గుడిదాకా కిలోమీటరు' అని రాశారు. ఆ మోకాళ్లతో, నెత్తిన దివ్వెతో ఆమె ఒక్కతే అంత దూరం నడవలేదు. పక్కన ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. నయమాను చేతి మీద రాజు ఆనుకున్నాడని ఇందాకే చెప్పాను. మీ కాగితం మీద గీతకు ఏ పక్కన అది రాస్తారో ఆలోచించుకోండి.