యూఎస్‌బీ డ్రైవర్ల మెయింటెనెన్స్ అంటే మూలన పడేసినట్టేనా?

ప్రశ్న: మాది కడప. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో మెడికల్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఈసీఈ చేసి ఏడాది క్రితం ఇక్కడే ఒక చిప్ కంపెనీలో చేరాడు. ట్రైనింగ్ అయ్యాక యూఎస్‌బీ డ్రైవర్ల మెయింటెనెన్స్ టీమ్‌లో వేశారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావమరిది, 'మెయింటెనెన్స్ అంటే మూలన పడేసినట్టే, కొత్తవి చేసేవాళ్లకే ఎదుగుదల' అన్నాడు. అప్పట్నుంచి మావాడికి ఒకటే టెన్షన్. ఉద్యోగం మానేసి ఏఐ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు లక్షన్నర. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఏడేళ్లు ఇదే పని చేశాను. కాబట్టి నా మాటలో కాస్త అభిమానం కలిసి ఉంటుంది, అది తీసేసి లెక్క వేసుకోండి.

మెయింటెనెన్స్ అనగానే లిఫ్టుకి గ్రీజు రాయడం, మోటారు బాగు చేయించడం గుర్తొస్తాయి. మీవాడు చేసేది అది కాదు. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కి తగిలించిన పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్. మీ షాపులో బార్‌కోడ్ స్కానర్ ఉండే ఉంటుంది. అలాంటి స్కానర్లు చాలావరకు కంప్యూటర్‌కి తగిలించగానే 'నేను కీబోర్డుని' అని చెప్పుకుంటాయి. మందు పెట్టె మీది గీతలు చదివి, ఆ అంకెల్ని ఎవరో టైపు చేసినట్టే పంపిస్తాయి. అందుకే లైనక్స్ కెర్నల్‌లో, అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్‌లో, దాని డ్రైవర్ యూఎస్‌బీ ఫోల్డర్‌లో ఉండదు, కీబోర్డులు, మౌస్‌లు ఉండే హెచ్ఐడీ ఫోల్డర్‌లో ఉంటుంది. వెబ్‌క్యామ్ డ్రైవర్ మీడియా విభాగంలో, యూఎస్‌బీ ఇంటర్నెట్ అడాప్టర్‌ది నెట్‌వర్క్ విభాగంలో, సౌండ్ కార్డుది సౌండ్ విభాగంలో. మందు ఏ కొరియర్‌లో వచ్చిందో చూసి మీరు అరలో పెట్టరు కదా, అది దేనికి వాడతారో చూసి పెడతారు. ఇక్కడా అంతే. యూఎస్‌బీ అనేది కొరియర్ మాత్రమే.

మరి యూఎస్‌బీ ఫోల్డర్‌లో ఏముంటాయి? ఆ కొరియర్ ఆఫీసు మొత్తం ఉంటుంది. అన్నిటికీ ఆధారమైన కోర్, కంప్యూటర్ వైపు చిప్‌ని నడిపే హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్లు, ఫోన్ లాంటివి ఇంకో కంప్యూటర్‌కి తగిలినప్పుడు పనిచేసే గ్యాడ్జెట్ వైపు. పెన్‌డ్రైవ్‌లు, సీరియల్ కేబుళ్లు, బిల్లు ప్రింటర్లు కూడా ఇక్కడే. చిప్ కంపెనీ అంటున్నారు కాబట్టి మీవాడు బహుశా హోస్ట్ వైపో గ్యాడ్జెట్ వైపో ఉంటాడు. కష్టమైన మూల అదే, మంచి మూల కూడా అదే.

'కొత్తవి చేసేవాళ్లకే' అన్న మాటకొద్దాం. యూఎస్‌బీ 3.0 ప్రమాణం 2008 నవంబరులో వచ్చింది. 2009లో 2.6.31 కెర్నల్‌తో లైనక్స్‌లో దానికి సపోర్టు చేరింది. అప్పట్లో ఇంటెల్‌లో పనిచేస్తున్న సేజ్ షార్ప్ (అప్పటి పేరు సారా) ఆ డ్రైవర్ రాశారు. అది 'కొత్త పని' అనిపించుకున్నది ఒకటి రెండేళ్లే. ఆ తర్వాత ఇప్పటిదాకా దాని మీద జరిగిందంతా మెయింటెనెన్సే. ఇవాళ్టి కంప్యూటర్లు, ఫోన్లు ఎన్నో దాని మీదే నడుస్తున్నాయి. పాతికేళ్ల నాటి మౌస్ తెచ్చి గుచ్చినా ఆ డ్రైవర్ మర్యాదగా పలకరించాలి.

నేను చేసిన ఒక పని చెప్తాను. ఒక 4జీ డాంగిల్, ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచాక మాయమయ్యేది. పీకి మళ్లీ పెడితే బాగానే ఉండేది. మూడు వారాలు దాని వెంటపడ్డాను. డ్రైవర్లకీ హోస్ట్ కంట్రోలర్‌కీ మధ్య నడిచే అభ్యర్థనలన్నీ కెర్నల్‌లోని యూఎస్‌బీమాన్ అనే సాధనంతో పట్టి ఒక్కొక్కటీ చూస్తే, నిద్రలేచాక కంప్యూటర్ అడిగిన ప్రశ్నకి ఆ డాంగిల్ సమాధానమే ఇవ్వడం లేదని తేలింది. కెర్నల్‌లో ఇలాంటి మొండి పరికరాల కోసం 'క్విర్క్స్' అని ఒక జాబితా ఉంది. దాన్ని లేపేటప్పుడు రీసెట్ చేయమని అందులో ఒక్క లైను చేర్చాను, అంతే. 'మూడు వారాలకి ఒక్క లైనా?' అన్నాడు మా మేనేజరు. ఆ ఒక్క లైనే తర్వాతి రెండు ఇంటర్వ్యూల్లో నాకు పనికొచ్చింది.

అయితే మీ బావమరిది మాటలో పావు వంతు నిజముంది. మెయింటెనెన్స్‌లో రెండు రకాలున్నాయి. లైనక్స్ కెర్నల్ 9, 10 వారాలకోసారి కొత్తది వస్తుంది. లోపలి ఇంటర్‌ఫేస్‌లు, అంటే కెర్నల్ భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతులు, మారకుండా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వరు, కావాలనే ఇవ్వరు. డ్రైవర్ మెయిన్ కెర్నల్‌లోనే ఉంటే, ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే దాన్నీ సరిచేయాలి. డ్రైవర్‌ని కంపెనీ తన దగ్గరే దాచుకుంటే, కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ విరిగినవి అతికించుకుంటూ కూర్చోవాల్సింది మీవాడే. పాత ప్యాచ్‌లు (కోడ్‌లో చేసిన మార్పులు) తెచ్చి కొత్త దాంట్లో అంటించడం, కంపైల్ అయిందా లేదా చూడటం, టికెట్ మూసేయడం. రెండేళ్లు అదే చేస్తే నిజంగానే మూలన పడ్డట్టు. బెంగళూరులో ఇలాంటి టీములు నేను చాలా చూశాను.

కాబట్టి మీవాణ్ని అడగాల్సింది 'ఏఐ చేస్తావా, ఇదే చేస్తావా' అని కాదు. 'మీ టీమ్ ప్యాచ్‌లు మెయిన్ కెర్నల్‌కి పంపుతుందా?' అని అడగండి. పంపుతుందంటే కదలొద్దనండి. అక్కడ చేరిన ప్రతి ప్యాచ్ మీద రాసినవాడి పేరు ఉంటుంది, ఉద్యోగం మారినా చెరిగిపోదు. ఇంటర్వ్యూ చేసేవాడు రెజ్యూమేకన్నా ముందు దాన్నే వెతుక్కుంటాడు. పంపదంటే ఒక అప్రైజల్ దాకా చూసి టీమ్ మారమనండి. ఈ రంగమే వదిలేయాల్సిన పని లేదు.

జీతం సంగతి దాచను. మొదటి మూడు నాలుగేళ్లు వెబ్, జావా వైపు వెళ్లిన క్లాస్‌మేట్లు మీవాడికన్నా ముందుంటారు. ఓపెనింగ్స్ కూడా తక్కువే, అవీ ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్‌లోనే. మీరున్నది బెంగళూరులోనే కాబట్టి రెండో సమస్య మీకు లేదు. అనుభవం ఉన్నవాళ్లు దొరక్కపోవడం వల్ల తర్వాత అంతరం తగ్గుతుంది. తగ్గేదాకా ఇంట్లో పోలికలు పెట్టకండి.

ఆ లక్షన్నరలో ఓ రెండు వేలు మాత్రం ఖర్చు పెట్టనివ్వండి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లి ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ ఒకటి కొనుక్కోమనండి. ల్యాప్‌టాప్‌కి పెట్టి, కెర్నల్ సందేశాలు చూపించే డీఎంఈఎస్‌జీ కమాండ్ నడిపితే సాధారణంగా 0403, 6001 అనే రెండు నంబర్లు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది ఆ వస్తువుది. కెర్నల్ ఈ జంటని డ్రైవర్ల పట్టికల్లో వెతికి, సరిపోయిన డ్రైవర్‌లో పరికరాన్ని అందుకునే 'ప్రోబ్' ఫంక్షన్‌ని పిలుస్తుంది. డేటా వెళ్తుండగా కేబుల్ పీకేస్తే 'డిస్‌కనెక్ట్' ఫంక్షన్‌ని పిలుస్తుంది. యూఎస్‌బీ బగ్గుల్లో చాలా వాటికి పుట్టిల్లు అక్కడే. పరికరం ఏదీ లేకుండా నేర్చుకోవడానికి 'డమ్మీ హెచ్‌సీడీ' అని కెర్నల్‌లోనే ఉంది, హోస్టూ గ్యాడ్జెటూ రెండూ అదే నటిస్తుంది. నమూనా డ్రైవర్ కావాలంటే 'యూఎస్‌బీ స్కెలిటన్' ఫైలు ఉంది. ఇవన్నీ ఉచితం.

తర్వాత మెయింటెయినర్స్ అనే ఫైలు తెరిచి చూడమనండి. ఏ డ్రైవర్‌కి ఎవరు బాధ్యులో అందులో ఉంటుంది. మొత్తం యూఎస్‌బీ విభాగానికి గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ పేరు కనిపిస్తుంది. కొన్ని డ్రైవర్ల పక్కన 'ఆర్ఫన్' అని రాసి ఉంటుంది, అంటే చూసే దిక్కులేని డ్రైవర్లు. ప్యాచ్ పంపేముందు, రాసిన తీరులో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు నడపాలి, కంపెనీ పనైతే ఆఫీసు అనుమతి తీసుకోవాలి. మొదటి ప్యాచ్‌కి గ్రెగ్ గారి ఆటోమేటిక్ బాట్ నుంచి 'ఇది తప్పు, అది తప్పు' అని జవాబు వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పండి. పెద్దపెద్దవాళ్లకీ వస్తుంది.

ఏఐ కావాలంటే సాయంత్రాలు నేర్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఉద్యోగం మానేసి మాత్రం వద్దు.

ఈ ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని మీ షాపుకి రమ్మనండి. స్కానర్ పీకి అతని ల్యాప్‌టాప్‌కి పెట్టి, దీన్ని ఏ డ్రైవర్ పట్టుకుందో, అది ఏ ఫోల్డర్‌లో ఉందో చూపించమనండి. వెంటనే చూపించలేకపోతే కోప్పడకండి, చేరి ఏడాదే కదా అయింది.