కావలిలో ఉండి పాత గేమ్ క్యాసెట్లు సేకరించాలంటే: ముందు పసుపు క్యాసెట్లు వెతకండి

మీ ప్రశ్న ఇదీ: కావలిలో ఉంటున్నారు, పాత వీడియో గేమ్ క్యాసెట్లు పోగేయాలని ఉంది, కానీ మన వైపు దొరికేవన్నీ డూప్లికేట్లే కాబట్టి వాటికి విలువేమైనా ఉంటుందా, లేకపోతే ఖర్చు పెట్టుకుని జపాన్ నుంచో అమెరికా నుంచో ఒరిజినల్స్ తెప్పించుకోవాలా అని. నేను నెల్లూరులో ఉంటా, కొన్నేళ్లుగా నాకూ ఇదే పిచ్చి. నన్నడిగితే ఆ డూప్లికేట్లతోనే మొదలుపెట్టండి. చవక అని మాత్రమే కాదు, మన ఊళ్లలో పిల్లలు ఆడింది అవే. ఒరిజినల్ కాంట్రా క్యాసెట్టు కావాలంటే జపాన్‌లో షాపుల నిండా ఉంటాయి, ఇవాళ కాకపోతే పదేళ్ల తర్వాతైనా కొనుక్కోవచ్చు. 90లలో నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద అమ్మిన పసుపు డూప్లికేట్ క్యాసెట్టు మాత్రం ఈసారి ఇల్లు సర్దినప్పుడు చెత్తలోకి పోయిందంటే ఇక లేనట్టే.

అసలు మనకి ఇవే ఎందుకొచ్చాయో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. నింటెండో అనే జపాన్ కంపెనీ వాళ్ల ఫ్యామికామ్ గేము మిషన్ జపాన్‌లో 1983 జులైలో వచ్చింది, దాని క్యాసెట్టుకి 60 పిన్నులు. అదే మిషన్ 1985లో అమెరికాకి వెళ్లినప్పుడు డబ్బా మార్చారు, పేరు ఎన్‌ఈఎస్ అన్నారు, క్యాసెట్టు 72 పిన్నులకి పెంచారు, పైగా లోపల తాళం లాంటి ఒక చిప్పు పెట్టారు. కంపెనీ అనుమతి లేని క్యాసెట్టు పెడితే మిషన్ ఆగకుండా రీసెట్ అవుతూనే ఉంటుంది. జపాన్ మోడల్లో ఆ చిప్పు లేదు, అందుకని కాపీ కొట్టేవాళ్లు దాన్నే పట్టుకున్నారు. మన టీవీ షాపుల్లో, ఫ్యాన్సీ షాపుల్లో అమ్మిన టీవీ గేములు పెట్టె మీద ఏ పేరున్నా చాలావరకు ఆ ఫ్యామికామ్ కాపీలే, 60 పిన్నులవే. కాబట్టి ఇవాళ మీకు పాత మిషన్ ఒకటి దొరికితే మన వైపు క్యాసెట్లలో దాదాపు అన్నీ దానికి పడతాయి. అమెరికా ఎన్‌ఈఎస్ క్యాసెట్టు మాత్రం పట్టదు, మధ్యలో అడాప్టర్ కావాలి.

డూప్లికేట్లంటే అన్నీ ఒకటే అనుకోకండి, ఇక్కడే అసలు మజా ఉంది. నా దగ్గరున్న ఒకదాన్ని చెబుతా. పసుపు ప్లాస్టిక్, ఎండకి ఒక వైపు వెలిసిపోయి మీగడ రంగుకొచ్చింది. లేబుల్ మీద తుపాకులు పట్టుకున్న ఇద్దరు కండల వీరులు, పక్కనే ఆ క్యాసెట్టుకి ఏ సంబంధమూ లేని రేసు కారు, కింద 9999999 ఇన్ 1 అని అచ్చు. వెనకాల బాల్ పెన్నుతో ఒక నంబరు, దాని మీద సెల్లో టేపు. అంటే అది ఇంట్లో వాడింది కాదు, అద్దెకిచ్చే షాపుది. విప్పితే లోపల అరచేతిలో సగం ఉండే ఆకుపచ్చ బోర్డు, దాని మధ్యలో నల్లగా తారు బొట్టు లాంటిది ఒకటి. చిప్పు ఆ బొట్టు కింద ఉంటుంది, అది పోతే ఇక బాగుచేసే దారి లేదు. పాతకాలపు కాపీల్లో కొన్నింటికి బొట్టు బదులు కాళ్లున్న మామూలు చిప్పులే ఉంటాయి. అలాంటిది దొరికితే బేరం ఆడకుండా తీసుకోండి, అవి తక్కువ.

లక్షల గేములని రాసి ఉన్నా లోపల ఉండేవి గుప్పెడు. మారియో ఒక్కటే పాతిక పేర్లతో ఉంటుంది, ఒకటి మొదటి ప్రపంచంలో మొదలవుతుంది, ఒకటి నాలుగులో, ఒకదాంట్లో పైకి ఎగిరితే దిగడు. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్ల గేము, ఆ సైజువి ఒకే చిప్పులో ఎన్నైనా ఇరికించారు. టాంకుల గేము, సర్కస్ చార్లీ, రోడ్ ఫైటర్, బాంబర్‌మ్యాన్ ప్రతిదాంట్లో కనపడేది అందుకే. కాంట్రా పెద్దది కాబట్టి అది ఎక్కువగా విడి క్యాసెట్టుగా వచ్చేది. రెండు కాంట్రాలు దొరికితే పక్కపక్కన పెట్టి ఆడి చూడండి. 1988లో జపాన్‌లో వచ్చిన దాంట్లో మొదటి స్టేజీ అడవిలో ఆకులు ఊగుతుంటాయి, మంచు స్టేజీలో మంచు రాలుతుంది, స్టేజీల మధ్య మ్యాపు చూపిస్తుంది. అమెరికా దాంట్లో ఇవేవీ లేవు. మీ పసుపు క్యాసెట్టులో ఆకులు ఊగాయంటే అది జపాన్ దాన్నుంచి దింపిన కాపీ అన్నమాట. రెండింటి పైనా లేబుల్ ఒకటే అయినా ఒకదాని లోపల జపాన్‌ది, ఇంకోదాని లోపల అమెరికాది ఉండొచ్చు, అందుకే ఒకే బొమ్మ ఉందని రెండోది వదిలేయకండి.

ఎక్కడ దొరుకుతాయి అంటే, ఆన్‌లైన్లో చూడొచ్చు గానీ అక్కడ రేట్లు చూస్తే నవ్వొస్తుంది, వంద రూపాయల క్యాసెట్టుకి రేర్ అని పేరు పెట్టి రెండు వేలు అడుగుతారు. నా అనుభవంలో అన్నిటికన్నా మంచి చోటు పాత టీవీ మెకానిక్ షాపు. ఒకప్పుడు గేము చెడితే వాళ్ల దగ్గరికే తెచ్చేవాళ్లు, రిపేరు డబ్బు ఎక్కువైందని చాలామంది తీసుకెళ్లకుండా వదిలేసేవాళ్లు. ఆ సరుకంతా గోనె సంచుల్లో అటక మీదే ఉంటుంది. వెళ్లి రెట్రో గేమింగ్ అంటే ఎవరికీ అర్థం కాదు, పాత టీవీ గేము క్యాసెట్లు ఏమైనా ఉన్నాయా అని అడగండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక మెకానిక్ నన్ను ఎగాదిగా చూసి “ఏందబ్బయా, ఇంత వయసొచ్చి ఇప్పుడు మారియో ఆడతావా” అన్నాడు, సంచి మాత్రం దించాడు. దుమ్ము తుడవడం, వైర్ల చిక్కు విప్పడం మన పని. అందులో ఒక్కటి పనిచేసినా ఆయన డబ్బులు తీసుకోడానికి మొహమాటపడతాడు, అయినా ఇవ్వండి, మళ్లీ వెళ్లాలి కదా.

రెండో అదను భోగి ముందు వారం. ఇళ్లు దులిపి పాత సామానంతా బయటికి వేసేది అప్పుడే. మీ వీధిలో, మేనమామల ఇళ్లలో, ఒంగోలులో చుట్టాలుంటే వాళ్లకి కూడా ముందే ఫోన్ చేసి చెప్పి పెట్టుకోండి, గేము డబ్బా కనపడితే పారేయొద్దని. అప్పుడు పాత ఇనప సామాన్ల కొట్లలో కూడా ఒక చూపు వేయండి. అక్కడ తూకానికి అమ్ముతారు, కాబట్టి వెతుకుతున్న సంగతి మొహంలో కనపడనీయొద్దు. చెన్నై మనకి రైల్లో మూడు గంటలే, కావలి నుంచి ఇంకో గంట. 90లలో మన వాళ్లు ఫారిన్ సామాను కోసం బర్మా బజారుకే పోయేవాళ్లు, మన షాపుల్లోకి సరుకు వచ్చిందీ ఎక్కువగా అటు నుంచే. ఇప్పుడు అక్కడ పాత క్యాసెట్ల కోసం ప్రత్యేకంగా పోవడం దండగ. రిచీ స్ట్రీట్ మాత్రం పనికొస్తుంది, క్యాసెట్లకి కాదు, అడాప్టర్లు, పిన్నులు, స్క్రూడ్రైవర్ల కోసం.

మన సముద్రం గాలి గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ చెబుతా. మైపాడు వైపు, కొత్తపట్నం వైపు ఇళ్లలో దొరికిన క్యాసెట్ల పిన్నులు చూడండి, పచ్చటి చిలుము పట్టి ఉంటాయి. చవక కాపీల్లో పిన్నుల మీద పూత చాలా పల్చన, ఉప్పు గాలికి తొందరగా పోతుంది. కొనేముందు ఫోన్ టార్చి వేసి క్యాసెట్టు నోట్లోకి చూడండి. నల్లబడితే ఫరవాలేదు, చిలుము గీతలు గీతలుగా లోపలికి పాకి ఉంటే వదిలేయండి. శుభ్రం చేయడానికి మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతంది తెచ్చుకోండి, చెవి పుల్లల దూదిని దాంట్లో తడిపి పిన్నుల పొడవునా తుడవండి, అడ్డంగా రుద్దకండి. మొండి మరకకి పెన్సిల్ రబ్బరు వాడొచ్చు, కానీ మెల్లగా, గట్టిగా రుద్దితే ఉన్న పూత కూడా లేచిపోతుంది. నోటితో ఊదడం మాత్రం మానేయండి. ఊదితే పనిచేస్తుందని మనందరం నమ్మాం. నిజానికి పనిచేసేది తీసి మళ్లీ పెట్టడం, పిన్నులు కొత్త చోట తగులుతాయి కాబట్టి. నోటి తడి పిన్నులకి చేటే, ఊదవద్దని నింటెండో వాళ్లే చెప్పారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు. ఆ మూడు నెలలూ క్యాసెట్లని మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, బీరువా అడుగున వద్దు. కలరా ఉండలు అస్సలు వేయకండి. బట్టలకి మంచిదే గానీ ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి జిగురు జిగురుగా తయారవుతుంది. లేబుల్ ఊడుతుంటే టేపు వేయకండి, ఊడిన దాన్ని అలాగే కవర్లో పెట్టి క్యాసెట్టు పక్కనే ఉంచండి.

మిషన్ విషయంలో ఒక్క హెచ్చరిక. కరెంటు అడాప్టర్ పిన్ను దూరిందని పెట్టేయకండి. అసలు ఫ్యామికామ్‌కి పిన్ను లోపల మైనస్, బయట ప్లస్, కాపీల్లో కొన్ని అలాగే ఉంటాయి, కొన్ని దానికి రివర్స్. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టరైతే డీసీ కూడా కాదు, 9 వోల్టుల ఏసీ. మిషన్ వెనక బొమ్మ చూసి, మల్టీమీటర్ పెట్టి సరిచూసుకున్నాకే స్విచ్ వేయండి, లేకపోతే లోపల వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయే ప్రమాదం ఉంది. మిషన్ కింద వేడెక్కుతోందని కంగారు పడనక్కర్లేదు, 7805 అనే రెగ్యులేటర్ ఉన్నవన్నీ కాస్త వేడెక్కుతాయి. జపాన్ నుంచి తెప్పిస్తే ఇంకో తలనొప్పి, పాత ఫ్యామికామ్‌కి టీవీకి నేరుగా వైరు తగిలించే ఏవీ ఔట్ లేదు, ఏరియల్ వైరు మీద వచ్చేదీ వాళ్ల టీవీల పద్ధతే, మన టీవీలో సరిగా పట్టదు. ఇంకో సంగతి, అది సెకనుకు 60 ఫ్రేములు, మన టీవీల పద్ధతి (PAL) కోసం చేసిన కాపీలు 50. మనం చిన్నప్పుడు విన్న మారియో పాట జపాన్ పిల్లలు విన్నదానికన్నా కాస్త నిదానం. నాకైతే ఇప్పటికీ అసలుది వింటే ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది.

ఇంత చెప్పినా ఒరిజినల్ ఒకటైనా కావాలంటే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ బాయ్ వైపు చూడండి. గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి వచ్చినవాళ్లు పిల్లలకి తెచ్చినవి మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. పోకెమాన్ క్యాసెట్లే ఎక్కువ, వాటిల్లో నకిలీలూ ఎక్కువే. గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్టయితే లేబుల్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి, ఒరిజినల్ దాని మీద రెండంకెల నంబరు నొక్కినట్టు లోతుగా కనపడుతుంది. కింద నుంచి చూస్తే పిన్నుల పైన బోర్డు మీద నింటెండో అని అచ్చు ఉండాలి. పోకెమాన్ గోల్డ్, సిల్వర్లలో సీఆర్2025 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది, ఎంతవరకు ఆడామో దాచిపెట్టే సేవ్ అంతా దాని మీదే బతుకుతుంది, ఇన్నేళ్లకి చాలావాటిల్లో అది అయిపోయి ఉంటుంది. మార్చుకోవచ్చు, కానీ రేకు ట్యాబులు అతికించి ఉన్న బ్యాటరీనే కొనండి, మామూలు బ్యాటరీకి నేరుగా సోల్డరింగ్ పెట్టకండి. పాత గేమ్ బాయ్ క్యాసెట్లు విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్టు, అడ్వాన్స్ వాటికి మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి.

విలువ అని అడిగారు. 2021లో సీలు కూడా తీయని సూపర్ మారియో 64 ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకి పోయింది, ఆ వార్త చూపించి మా బావమరిది నా డబ్బా ఎంతకి పోతుందని అడిగాడు. ఏమీ పోదు. మన పసుపు క్యాసెట్లు కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, వాళ్లలో నేనొకణ్ణి, నేను కూడా ఒక్కోదానికి వంద, మరీ ముచ్చటపడితే రెండొందలు దాటి పెట్టను. డబ్బు కోసమైతే వద్దు.

తుపాకీ గురించి కూడా చెప్పాలి. బాతుల గేముతో పాటు తుపాకీ దొరికితే తెచ్చుకోండి గానీ అది ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్న చోట తెల్ల గడి వస్తుంది, తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుతురుని పట్టుకుంటుంది. కొత్త టీవీలు బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి, ఆ లెక్క తప్పిపోతుంది. క్యాసెట్ల సంచి దించిన ఆ మెకానిక్‌నే 14 అంగుళాల ట్యూబ్ టీవీ ఒకటి కూడా అడగండి, స్థలం ఖాళీ అవుతుందని సంతోషంగా ఇస్తాడు, ఆటో ఖర్చు మాత్రం మీదే.