నవలని కామిక్ చేయాలంటే ముందు కథకుడి నోరు కట్టేయండి

ప్రశ్న: "ఒక పాత సైన్స్ ఫిక్షన్ నవలని కామిక్ సిరీస్‌గా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? నవలలోని మాటలు ఎంతవరకు ఉంచాలి?"

రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. మాటలు వీలైనంత తక్కువ ఉంచండి. పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు పోవాల్సిందే. అది నీ అభిప్రాయమే కదా అంటారేమో, అననివ్వండి, నేను మాత్రం ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ రాజీ పడను.

నేను బొమ్మలు వేయను. స్క్రిప్ట్ రాస్తాను, పాత్రల మాటలుండే బెలూన్లలో అక్షరాలు కూర్చుతాను. బొమ్మలు మా బావమరిది వేస్తాడు. హెచ్.జి. వెల్స్ రాసిన 'ది టైమ్ మెషీన్'ని నాలుగు భాగాల తెలుగు కామిక్‌గా చేద్దామని ఇద్దరం కూర్చున్నాం. ఆ నవలే ఎందుకంటే, చిన్నది, ముప్పై వేల పైచిలుకు మాటలు, పైగా ఎవరినీ పర్మిషన్ అడగక్కర్లేదు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. వెల్స్ 1946లో పోయాడు, కాబట్టి 2007 నుంచి ఆయన పుస్తకాలు మన దగ్గర ఎవరైనా వాడుకోవచ్చు. మీరు ఏ నవల అనుకుంటున్నారో రాయలేదు, ముందు ఈ లెక్క వేసుకోండి. ఫిలిప్ కె. డిక్ అయితే 1982లో పోయాడు, 2042 దాటేదాకా ఆగాలి. జూల్ వెర్న్ ఎప్పుడో 1905లోనే పోయాడు గానీ ఆయన రాసింది ఫ్రెంచ్‌లో, మీరు ఈమధ్య వచ్చిన ఇంగ్లిష్ అనువాదం దగ్గర పెట్టుకుని స్క్రిప్ట్ రాస్తే ఆ అనువాదకుడి హక్కులు మీ మెడకి చుట్టుకుంటాయి. బయటి దేశాల్లో అమ్మాలంటే అక్కడి లెక్కలు మళ్ళీ వేరు.

సరే, మాటల సంగతి. వెల్స్ నవలలో ఒక చిన్న ముక్క ఉంది. కథానాయకుడు కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే యంత్రం మీద కూర్చుని లివర్ నొక్కగానే, ఇంటి పనులు చూసే మిసెస్ వాచెట్ ఆ గదిలోకి వచ్చి తోట వైపు తలుపు దాకా నడుస్తుంది. మామూలుగా ఓ నిమిషం పట్టే నడక. ఆయన కంటికి మాత్రం ఆవిడ రాకెట్‌లా దూసుకుపోయినట్టు కనిపిస్తుంది. చివర్లో ఆయన వెనక్కి వస్తూ మళ్ళీ అదే నిమిషం మీదుగా రావాలి కదా, అప్పుడు ఆవిడ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయి, మొదట వచ్చిన తలుపు వెనకే మాయమవుతుంది. పుస్తకం వచ్చింది 1895లో, లూమియేర్ సోదరులు డబ్బులు పెట్టి చూసే జనానికి సినిమా చూపించిన ఏడాదే అది, ఈయనకి రీలు వెనక్కి తిప్పడం ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా బావమరిది దీన్ని ఒక పేజీ చేశాడు. ప్యానెళ్ళన్నిట్లో, అంటే పేజీలోని గడులన్నిట్లో, అదే గది, అదే కోణం. మొదటి ప్యానెల్‌లో ఆవిడ తలుపు దగ్గర, చీర కుచ్చిళ్ళంత స్పష్టంగా గౌను మడతలు కూడా కనిపిస్తాయి, తర్వాత ఒక్కో ప్యానెల్‌కీ గీతలు సాగిపోతూ ఆఖరికి మనిషి లేదు, తోట తలుపు ఊగుతోంది. కిటికీలో వెలుతురు ఒక్కోదాంట్లో ఒక్కో రకం. నాలుగో భాగంలో అవే బొమ్మలు తిరగేసిన వరసలో వస్తాయి. రెండు చోట్లా ఒక్క అక్షరం లేదు. నేను ఈ ప్రాజెక్ట్‌లో చేసిన మంచి పని ఏదైనా ఉందంటే ఆ పేజీకి ఏమీ రాయకపోవడమే.

ఆ పేజీలు పట్టుకుని విజయవాడలో గైడ్లూ పిల్లల పుస్తకాలూ వేసే ఒక పబ్లిషర్ దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు, పేజీలు తిప్పాడు, ఈ పేజీ దగ్గర ఆగాడు.

"మ్యాటర్ ఏదయ్యా ఇందులో?"

"మ్యాటర్ లేదండీ. బొమ్మల్లోనే తెలుస్తుంది."

"మ్యాటర్ లేని పేజీకి కాగితం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పిల్లాడు రెండు నిమిషాల్లో తిప్పేసి పక్కన పడేస్తే వాళ్ళ నాన్న రెండోది కొంటాడా?"

పక్క టేబుల్ దగ్గర డీటీపీ చేసే కుర్రాడు మెడ సాచి చూస్తున్నాడు. "అన్నా, ఈమె స్పీడుగా పోతోందా, ఈయనకి టైమ్ స్పీడయ్యిందా?" అన్నాడు. నేను కుర్చీలోంచి లేవబోయాను. పేజీ చూసినవాళ్ళు సరిగ్గా అదే ప్రశ్న అడగాలని మేం కోరుకున్నాం! పెద్దాయన మాత్రం, "నువ్వు నీ ఆన్సర్ కీ చూసుకోరా" అన్నాడు.

ఆ తర్వాత వాళ్ళు ఒక శాంపిల్ ప్రింట్ తీసి పంపారు. మా పేజీ కింద ఒక పసుపు డబ్బా, అందులో "పనిమనిషి మిక్కిలి వేగముగా గదిని దాటి వెళ్ళెను" అని ఉంది. చిన్నపిల్లల కోసమట, మళ్ళీ గ్రాంథికం! మా బావమరిది అది చూసి, "బావా, బొమ్మలు తీసేసి ఈ డబ్బా ఒక్కటే వేసుకోమను, రంగుల ఖర్చు కూడా మిగులుతుంది" అన్నాడు. అక్కడితో ఆ బేరం అయిపోయింది.

తెలుగువాళ్ళకి బొమ్మ చదవడం రాదు, మాట ఉండాల్సిందే అనేవాళ్ళని నేను ఒకటే అడుగుతాను. చందమామలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే శంకర్ బొమ్మ ఉంది కదా, దాని కింద ఏం రాసి ఉండేదో ఎవరికైనా గుర్తుందా? బొమ్మ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఈ జబ్బు మన దగ్గరే ఉందని కూడా అనను. ఫిలిప్ కె. డిక్ 1968లో రాసిన 'డు ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?'ని 2009లో బూమ్ స్టూడియోస్ కామిక్‌గా మొదలుపెట్టింది. నవలలో ఉన్నదంతా ఉన్నట్టే తెచ్చి 24 సంచికల్లో కూర్చారు. బొమ్మలు వేసిన టోనీ పార్కర్ మంచి పనివాడు, నాకు ఆయన మీద జాలి. నవల మీద ప్రేమ ఉన్నవాళ్ళకి అది పండగే కావచ్చు, కానీ నవల పూర్తి పాఠమే కావాలంటే నవల ఉంది కదా? అమెరికన్ కామిక్ ఆర్టిస్ట్ జాక్ కర్బీ అంతటివాడు కూడా 1976లో మార్వెల్ కోసం '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చేసినప్పుడు, సినిమాలో దర్శకుడు కుబ్రిక్ నోరు మెదపకుండా వదిలేసిన చోటల్లా క్యాప్షన్ పెట్టి వివరించాడు. బొమ్మలు అదిరిపోతాయి, క్యాప్షన్లు చేత్తో మూసి చూస్తే ఇంకా అదిరిపోతాయి. తర్వాత అదే పేరుతో పది సంచికల నెలవారీ సిరీస్ వచ్చింది. అందులో కర్బీ మూలకథని వదిలేసి తన దారిన తాను పోయాక ఎనిమిదో సంచికలో మెషీన్ మ్యాన్ అనే పాత్ర పుట్టుకొచ్చింది, అది మార్వెల్‌లో ఇప్పటికీ బతికే ఉంది. ఇక జో హాల్డెమన్ తన 1974 నాటి 'ది ఫరెవర్ వార్'ని బెల్జియం ఆర్టిస్ట్ మార్వానోతో కలిసి మూడు కామిక్ ఆల్బమ్‌లుగా చేశాడు. వియత్నాం యుద్ధం చేసొచ్చిన మనిషి, సొంత నవల, అయినా తన వాక్యాలు తానే కోసుకున్నాడు. ఆయనకి లేని మమకారం మనకెందుకండీ.

బెలూన్ల పని చేసేవాడిగా ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఇంగ్లిష్ కామిక్‌లో అన్నీ పెద్దక్షరాలు, లైన్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా చెల్లుతుంది. మనకి పైన గుడి, కింద వత్తు. లైన్ల మధ్య జాగా ఇవ్వకపోతే పై లైను వత్తు వచ్చి కింద లైను నెత్తి మీద కూర్చుంటుంది. పాత్ర చేత "తెలుసుకోవాలనుకుంటున్నాను" అనిపించామా, బెలూన్ అడ్డంగా నిండిపోయింది. మాట విరిచి కింద లైనుకి తెస్తే చదివేవాడి నాలుక విరుగుతుంది. గట్టిగా అరిచినట్టు చూపించాలని బోల్డ్ చేస్తే సున్నాలూ తలకట్లూ పూడుకుపోయి మచ్చలవుతాయి, అంతకన్నా సైజు పెంచడం నయం. పాత ఫోటోషాప్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టుకోకపోతే వత్తులు ఊడి పక్కన పడతాయి, ఈ సంగతి తెలియక ఎంతమంది బ్యానర్లు అచ్చేశారో మన ఊళ్ళ సెంటర్లలో చూస్తూనే ఉన్నాం. అందుకే అంటున్నాను, ఇంగ్లిష్ బెలూన్‌లో పట్టిన మాటల్లో సగం కూడా మనకి పట్టవు. పట్టించాలని చూస్తే బొమ్మ మీదికి ఎక్కించాలి.

ఈమధ్య ఇంకో రకం మొదలైంది. ఏఐకి చెప్పి పేజీలు తీయించేసుకుంటున్నారు. ఒక ప్యానెల్‌లో మీసం ఉంటుంది, పక్క ప్యానెల్‌లో ఉండదు. యంత్రం ఏమో ప్రతిసారీ వెనక పెద్ద గుండ్రటి చక్రంతోనే వస్తుంది. ఆ చక్రం 1960 నాటి సినిమాలోది, వెల్స్ ఎక్కడా రాయలేదు. ఆయన రాసింది నికెల్, దంతం, స్ఫటికం, ఓ జీను, రెండు లివర్లు, ఇలాంటి కొన్ని ముక్కలే, అవి కూడా కావాలనే మసకగా రాశాడు. అక్కడ ఆర్టిస్ట్‌కి మైదానమంత చోటు వదిలిపెట్టాడు పెద్దమనిషి, మనం వెళ్ళి సినిమావాళ్ళ బండే మళ్ళీ వేస్తాం.

ఎక్కడ మొదలుపెట్టాలి అని కూడా అడిగారు. భాగాల చివర్ల దగ్గర మొదలుపెట్టండి. వీక్లీల్లో సీరియల్స్ చదివి పెరిగిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, "తరువాయి వచ్చేవారం" ఎక్కడ పడిందన్నదే సీరియల్. మేం నవల మొత్తం పక్కన పెట్టి ముందు నాలుగు ఆఖరి పేజీలు రాసుకున్నాం. మొదటి భాగం, 8,02,701వ సంవత్సరంలో వడగళ్ళ వాన తెరిపిస్తుంటే తెల్లటి సింహిక (స్ఫింక్స్) విగ్రహం కనిపించడంతో ఆగుతుంది. రెండోది, కథానాయకుడు పరుగెత్తుకొచ్చి చూస్తే పచ్చిక మీద యంత్రం లేదు. మూడోది అడవిలో మంట. నాలుగోది మిసెస్ వాచెట్ వెనక్కి నడవడం. అలా నాలుగు మేకులు కొట్టుకున్నాక, మొదట్లో ఉన్న రిచ్‌మండ్ డిన్నర్ కబుర్లు, నాలుగో మితి (ఫోర్త్ డైమెన్షన్) గురించిన వాదన, అన్నీ రెండు పేజీల్లోకి వాటంతట అవే దిగిపోయాయి. భూమి కింద బతికే మోర్లాక్‌ల బావిలోకి కథానాయకుడు దిగే చోట మాత్రం పేజీలకి పీనాసితనం చేయకండి. ఆయన దగ్గర మిగిలినవి నాలుగే అగ్గిపుల్లలు, పుల్ల వెలిగినప్పుడే బొమ్మ, ఆరగానే నల్ల ప్యానెల్. కామిక్ కోసమే రాసినట్టుంటుంది.

మూడో భాగం చివరి పేజీ దగ్గరే మా పని నిలిచిపోయింది. నవలలో, ఆ భవిష్యత్తులో కథానాయకుడికి తోడైన చిన్నారి వీనా అడవిలో ఆ రాత్రి గొడవలో పోతుంది, తెల్లారాక ఎంత వెతికినా ఆనవాలు దొరకదు. వెల్స్ "దొరకలేదు" అని ఒక్క మాట రాసి తప్పించుకోగలిగాడు, బొమ్మలో దొరకకపోవడాన్ని ఎలా వేస్తారు? మంటలో చిన్న చెయ్యి కనిపించాలంటాడు మా బావమరిది. బూడిద మీద ఆయన అడుగుల జాడలు అటూ ఇటూ తిరిగి ఉంటే చాలంటాను నేను. మా అక్క రెండూ చూసి "పిల్లని బతికించొచ్చు కదరా" అంది. ఆ పేజీ తేలేదాకా నాలుగో భాగం ముట్టుకునేది లేదని వాడు పెన్సిల్ కింద పెట్టాడు, నేనూ తగ్గట్లేదు.