ఇటుకరంగు గుడ్డకు కత్తెర పెట్టే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు దీపావళికి లాల్చీలు, వాటి మీద తొడిగే చేతుల్లేని కోట్లయిన బండీలు చేతితో కుట్టించి పంపమన్నారనీ, అక్కడ ఆకులు రాలే కాలంలో చెట్లకు వచ్చే రంగు, అంటే తుప్పుకూ ఇటుకకూ నడుమ ఉండే ఆ వెచ్చని రంగే కావాలని అందరూ ఒకే మాటగా అడిగారనీ, మగవారి బట్టల్లో ఆ రంగును ఎప్పుడూ వాడలేదు గనుక ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. మన శరత్తు వెన్నెలతో, రెల్లుపూలతో తెల్లగా ఉంటుంది. వారు చెప్పే రంగు మనకు మాఘ ఫాల్గుణాలు దాటాక మామిడి లేతచిగురులో కనిపిస్తుంది, పెంకుటింటి కప్పు మీద ఏడాది పొడవునా కనిపిస్తుంది. కాబట్టి ఇది పరాయి రంగని జంకవద్దు.

ముందుగా నీవు గ్రహించవలసినది, ఇటుకరంగు అనేది ఒక్క రంగు కాదు. ఎరుపు, పసుపు, నలుపు అనే మూడు పాళ్లు కలిస్తే వచ్చే కుటుంబం అది. పసుపు వంతు పెరిగితే ఆవాల వైపు, ఎరుపు పెరిగితే కుంకుమ వైపు, నలుపు పెరిగితే కిళ్లీలో వేసే కాచు వంటి ముదురు గోధుమ వైపు జరుగుతుంది. దుకాణంలో పక్కపక్కన పెట్టిన నాలుగు తానులను నాలుగింటినీ ఇటుకరంగనే అంటారు, కానీ ఒంటి మీద వేసి చూస్తే నాలుగూ నాలుగు రకాలుగా నడుచుకుంటాయి. నీ చేతిలోని గుడ్డ ఏ వైపు వాలుతున్నదో తెలుసుకోకుండా కత్తెర పెట్టవద్దు. ట్యూబ్‌లైటు కింద ఒక విధంగా, పసుపు బల్బు కింద మరొక విధంగా కనిపించి మోసపుచ్చే రంగుల్లో ఇది ముఖ్యమైనది. ఉదయం తొమ్మిది, పది గంటల వేళ వీధి గుమ్మం దగ్గర నీడలో నిలబడి చూస్తే తప్ప దాని అసలు స్వభావం తెలియదు.

తొడుక్కునే మనిషిని కూడా ఆ గుమ్మం దగ్గరే నిలబెట్టు. గుడ్డను మడత విప్పి గడ్డం కింద పట్టి, నాలుగడుగులు వెనక్కు జరిగి చూడు. ముందుగా నీకు అతని కళ్లు కనిపిస్తే ఆ గుడ్డ అతనిది. ముందుగా గుడ్డే కనిపించి, ముఖం అలసిపోయినట్టు, కళ్ల కింద నీడ పెరిగినట్టు అనిపిస్తే దానిని మడిచి పక్కన పెట్టు. నా అనుభవంలో చామనచాయ వారికి, నలుపు ఛాయ వారికి ఎరుపు పాలు ఎక్కువగా ఉండి, అడుగున కొంచెం నలుపు ఉన్న ఇటుకరంగు చాలా అందంగా కుదురుతుంది. పసిమి ఛాయ వారికి ఆవాల వైపు వాలినది మెడ దగ్గరకు వస్తే పాలిపోయినట్టు చూపిస్తుంది. దూరాన ఉన్నవారిని గుమ్మం దగ్గర నిలబెట్టలేవు గనుక జానెడు ముక్కలు మూడు తపాలాలో పంపి, పగటి వెలుతురులో మెడ దగ్గర పెట్టుకొని చూసి చెప్పమని అడుగు. ఫోనులో ఫోటో చూసి రంగు ఖాయం చేసుకోవద్దు.

గుడ్డ ఎంపిక విషయంలో నా మాట గట్టిగా చేనేత వైపే ఉంటుంది, ఎందుకంటే ఈ రంగుకు లోతు కావాలి. తాను మొత్తం ఒకే రసాయన రంగులో ముంచిన మిల్లు గుడ్డలో ఇది గోడకు వేసిన సున్నంలా చదునుగా పడి ఉంటుంది. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఎర్రమట్టి రంగులోనూ అడ్డు పోగుల పేక ఆవాల రంగులోనూ పోసి నేయిస్తే, మనిషి కదిలినప్పుడల్లా రంగు కదులుతుంది. అయితే ఇటువంటి గుడ్డతో ఒక చిక్కు ఉన్నది, దానిని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. భుజం మీద వచ్చే యోక్ ముక్కనూ, గుండీల పట్టీనీ గుడ్డ కలిసి వస్తుంది కదా అని అడ్డంగా కోస్తే, ఆ ముక్కలు పక్క ముక్కలకంటే వేరే రంగులో కనిపిస్తాయి. పొరపాటున వేరే తాను నుంచి కోశావా అని అడుగుతారు. కాలర్, కఫ్, పట్టీ, యోక్ అన్నీ పడుగు దిశలోనే కోయి. పావు మీటరు గుడ్డ ఎక్కువ పట్టినా పట్టనీ.

మొక్కల రంగు కావాలని అడిగేవారు ఉంటే ఇది వారికి ఇవ్వదగిన రంగు. కృష్ణా తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరువేరు అనే మొక్క వేళ్లతో ఒకప్పుడు మన కోస్తా గుడ్డలకు వచ్చిన ఎరుపు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాక వేళ్ల సాగు క్రమంగా వెనకపడింది. ఈనాటికీ పెడన, మచిలీపట్నం కలంకారీ పనిలో గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టి, ఎరుపు రావలసిన చోట పటిక పెట్టి, ఆ తర్వాత రంగులో ఉడికిస్తారు. కరక్కాయ ఇచ్చే లేత పసుపు మీద మంజిష్ఠ తీగ వేళ్ల ఎరుపు పడితే నీవు కోరే ఇటుకరంగు సహజంగానే వస్తుంది. అందులో అన్నభేది, అంటే ఇనుప లవణం, కలిపిన నీరు ఏ కొంచెం తగిలినా కాచు వైపు ముదురుతుంది. సండ్రచెట్టు నుంచి తీసే కాచు కూడా నిలకడైన రంగే. పసుపు కొమ్ముతో మాత్రం మగవారి బట్టలకు రంగు వేయించవద్దు, అది ఎండకు వెలిసిపోతుంది, బట్టల సోడా తగిలితే ఎర్రబడుతుంది. మొక్కల రంగులో ఒక ఉడుకుకు మరొక ఉడుకు పోలదు. పెళ్లికొడుకు బావమరుదులకు ఆరు లాల్చీలు ఒకే రంగులో కావాలంటే ఆరింటికీ సరిపడే గుడ్డ ఒకేసారి రంగు వేయించు.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను, నీవు చేయకుండా ఉండడానికి. దుకాణం పెట్టిన మూడో ఏట ఒక వరుడికి ఇటుకరంగు లాల్చీ కుట్టి, కింద తెల్లని పంచె కట్టించాను. గుడ్డను నానబెట్టకుండా, తడి పరీక్ష చేయకుండా కుట్టాను. మే నెల ఎండలో పీటల మీద రెండు గంటలు కూర్చునేసరికి చెమటకు లాల్చీ రంగు కరిగి పంచె నడుము చుట్టూ ఎర్రని చార పట్టింది. ఆ కుటుంబం నన్నేమీ అనలేదు, కానీ పెళ్లి ఫోటోలన్నిటిలో ఆ చార ఉన్నది. అప్పటి నుంచి ఈ రంగు గుడ్డ ఏది వచ్చినా రాత్రంతా నీటిలో నానబెట్టి, నీరు తేటగా వచ్చేదాకా జాడించి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కొలత తీసుకుంటున్నాను. చేనేత నూలు ఎలాగూ మొదటి తడుపులో కుదించుకుపోతుంది గనుక ఈ శ్రమ రెండు విధాల పనికివస్తుంది. ఆ తర్వాత తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా ఇరవై సార్లు రుద్ది చూడు. మరక అంటితే ఆ తాను తెల్ల పంచె మీదికి పనికిరాదు. ఉప్పునీటిలో వేస్తే రంగు నిలబడుతుందని చాలామంది నమ్ముతారు. ఉప్పు ఆ పని చేయదు, వదులుగా ఉన్న రంగును జాడించి వదిలించడమే అసలు పని.

కుట్టు దగ్గరకు వద్దాం. నలుపు మీద చేతికుట్టు కనబడదు, తెలుపు మీద వెలుతురుకు కరిగిపోతుంది, ఈ మట్టి రంగు మీద మాత్రం ప్రతి కుట్టూ తన చిన్న నీడతో సహా కనిపిస్తుంది. అందుకని బండీ అంచుల వెంట, జేబు మూతి వెంట చేతితో సన్నని కుట్టు వేయి, కానీ గుడ్డ రంగు దారంతోనే వేయి. దారం కండె మీద ఉన్నప్పటికంటే ఒంటిపోగుగా గుడ్డ మీద పడినప్పుడు పలచబడి కనిపిస్తుంది, కాబట్టి ఒక పాలు ముదురు దారం ఎంచుకో. కాజాలు చేతితోనే కుట్టాలి. బొత్తాలకు కొబ్బరి చిప్పవి నాకు అన్నిటికంటే ఇష్టం. మెరిసే తెల్ల ప్లాస్టిక్ బొత్తం ఈ రంగును ఒక్క క్షణంలో చవకబారుగా మార్చివేస్తుంది. బండీకి అస్తరుగా రంగు వేయని ముల్ముల్ చాలు. జరీ అంచు, అద్దకపు పూలు, విడి రంగు కాలర్ అని కొనేవారు అడిగినా, రంగే ఇంత గట్టిగా పలుకుతున్నప్పుడు వాటిలో ఒక్కదానికి మించి ఒప్పుకోవద్దు.

జతకు రంగు వేయని ముడినూలు రంగు, నీలిమందు నీలం, ముదురు ఆకుపచ్చ బాగా కుదురుతాయి. ఎంతవరకు వాడాలన్నది మనిషి అలవాటును బట్టి ఉంటుంది. ఎప్పుడూ తెలుపు, లేత నీలం తప్ప తొడగని మనిషికి మొదటిసారే నిండు చేతుల ఇటుకరంగు లాల్చీ కుట్టి ఇస్తే అది బీరువాలోనే ఉండిపోతుంది. అతనికి ముడినూలు లాల్చీ మీద ఈ రంగు బండీ కుట్టు, లేదా కండువా ఒక్కటి ఇవ్వు. ఈ రంగు మీద చెమట తడి త్వరగా కనబడుతుంది గనుక లాల్చీకి చంక కింద ముక్క వేసి, చంక సందు వదులుగా ఉంచు.

బట్టతో పాటు ఒక కాగితం మీద ఉతికే పద్ధతి రాసి పెట్టు: మొదటి రెండు ఉతుకులు విడిగా, చల్లని నీటిలో, మొక్కల రంగు అయితే కుంకుడు రసంతో, తిరగేసి నీడలో ఆరవేయాలి.

నీ దగ్గరకు వచ్చిన తానుల నుంచి జానెడేసి ముక్కలు నాకూ పంపు, నానబెట్టక ముందుది ఒకటి, ఆరాక ఒకటి. ఉదయపు వెలుతురులో చూసి ఏది ఎటు వాలుతున్నదో రాస్తాను. అప్పటిదాకా కత్తెర పెట్టకు.

ఇట్లు,
మీ పెదనాన్న